బంగారు గుమ్మడిలో దాగిన బూడిద రంగు

నేను ఈ పనికి పూనుకున్న నాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: అరటాకు ముక్కలో చుట్టిన ఒక గుమ్మడి మగపువ్వు, అదీ వాడిపోతున్నది. మాంత్రికుడి భటులు జడ పట్టి లాగుతుండగా, దాన్ని నా గుప్పిట్లో కుక్కి నా భార్య వకుళ అరిచిన రెండు మాటలు. ఇంత తక్కువ పెట్టుబడితో మా కుంభావతి రాజ్యంలో ఏ వర్తకుడూ బేరానికి దిగి ఉండడు.

ఆ మాటలు ఇవి. "తెల్లారేలోగా అద్దండి! బంగారం కాసినా పారెయ్యకండి!"

నా పేరు దేవరశెట్టి. గుమ్మడికాయల వర్తకుణ్ణి. గుమ్మడికాయ అంటే కత్తిపీట ముందు పెట్టుకు కోసేది అనుకునేవారు ఒకసారి మా రాజ్యానికి రావాలి. పంట కాలంలో మా కొండవాలు మీద నిలబడితే, సూర్యుడే వందముక్కలై పాదుల మధ్య కూర్చున్నట్టుంటుంది. ఒక్కో కాయను కదిలించాలంటే నాలుగు జతల ఎడ్లు కావాలి. గుజ్జు ఊరంతా తింటుంది. ఎండిన డొల్ల కొందరికి గాదె, కొందరికి స్నానాల గది. ఒక ముసలమ్మ అయితే అందులోనే కాపురం ఉండేది.

మా కాయలవి రెండు రంగులు. ఒకటి మేలిమి బంగారం. రెండోది బూడిద, తడి పలక మీద ఆకాశం నీడ పడితే కనిపించే రంగు. బంగారుకాయ పెళ్లిపందిళ్లకు వెళుతుంది. బూడిదకాయ నీలమడుగు దాటడానికి పనికొస్తుంది. ఆ మడుగులో జలకంటకం అనే మృగం ఉంది. దాని వీపు మీద చెట్లు మొలిచేటంత పెద్దది. కొయ్యపడవ కనబడితే తోకతో రెండు చేస్తుంది. కాని దాని గుడ్లు బూడిద రంగువి, నీళ్లమీద తేలుతాయి. బూడిదగుమ్మడి డొల్లలో మనిషి కూర్చుని పోతుంటే తన గుడ్డే అనుకుని ముట్టదు.

మడుగు నడుమ నీలదుర్గం. దాన్ని కంకాళభట్టు అనే మాంత్రికుడు ఆక్రమించాడు. బూడిదపడవల్లో సైన్యం వస్తుందని వాడికి భయం. అందుకే ఒక తెల్లవారుజామున గద్దలను పంపి రాజ్యంలోని బూడిదతీగలన్నిటి మీదా, దాచిన డొల్లల మీదా, గింజల మీదా నిప్పుకణికలు కురిపించాడు. అంతటితో ఊరుకోక, పూలుకట్టే ఆడవాళ్లందరినీ ఎత్తుకుపోయాడు. వారిలో వకుళ ఒకతె.

పూలు కట్టడం అంటే మాలలు కట్టడం కాదు. మర్నాడు విచ్చుకోబోయే గుమ్మడిపువ్వును సాయంత్రమే దారంతో బిగించి, తేనెటీగ దూరకుండా చేస్తారు. తెల్లవారుజామున దారం విప్పి, తమకు నచ్చిన మగపువ్వు పుప్పొడిని పిందెపువ్వుకు, అంటే ఆడపువ్వుకు అద్ది, మళ్లీ కట్టేస్తారు. మా రాజ్యంలో ఇది ఆడవాళ్ల విద్య. మగవాళ్లం కాయ తోలు చూసి సరుకు చెబుతాం. మా తెలివి అంతటితో సరి.

మంటలు ఇంకా ఆరలేదు. పొగలో దగ్గుకుంటూ పెరట్లోకి పరుగెత్తి, మిగిలిన ఒక బంగారుతీగకు విచ్చిన పిందెపువ్వులో వకుళ ఇచ్చిన ఆ బూడిదతీగ పువ్వు పుప్పొడి అద్దాను. పిందె నిలిచింది. పిందె పెరిగింది, కాయ అయింది, పండింది. మచ్చుకైనా బూడిద లేదు. నెత్తి నుంచి కింది దాకా పచ్చని బంగారం!

ఊరు ఊరంతా మా పెరటిగోడ ఎక్కి చూసి నవ్వింది.

"మాంత్రికుడి మంత్రం నెగ్గింది శెట్టీ! ఏనుగులకు వేసెయ్!"

అప్పుడే యువరాజు ఉదయకేతు గుర్రం దిగాడు. దుర్గంలోని ఆడవాళ్లను విడిపించి తెచ్చేదాకా పట్టాభిషేకం లేదని మహారాజు అతడికి తేల్చి చెప్పాడు. మనిషి మంచివాడే, కత్తి తిప్పితే గాలి కోసుకుపోతుంది. ఆలోచన మాత్రం కత్తి అంత వేగంగా రాదు.

"ఏనుగులకు ఎందుకు?" అన్నాడు. "డొల్ల చేసి, పైన బూడిద రంగు పూస్తే సరి. ఈ పాటి ఉపాయం ఎవరికీ తోచలేదా?"

"యువరాజా, రంగు నీళ్లలో..."

"భయపడే వర్తకుడికి లాభం రాదు శెట్టీ!"

"డొల్ల తమరు తీసుకోండి. గింజలు నాకు వదిలిపెట్టండి," అన్నాను.

అతడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి గింజలు వదిలేశాడు. ఆ రోజు మధ్యాహ్నమే శంఖాలు ఊదించుకుని మడుగులోకి దిగాడు. సగం దూరం పోయేదాకా అంతా బాగానే ఉంది. తరవాత పడవ చుట్టూ నీళ్లు తెల్లబడ్డాయి. పూత కరిగి కిందినుంచి బంగారం మెరిసింది. మడుగు రెండుగా చీలింది. గుట్టలాంటి వీపు లేచింది, తోక లేచింది, యువరాజు లేచాడు. ఎంత ఎత్తుకు లేచాడంటే, ఒడ్డున ఉన్న మేం అతడు కిందికి వచ్చేదాకా మెడలు వెనక్కి వాల్చి చూశాం. రెల్లుపొదల్లో పడ్డాడు. పైకి తీస్తే నోట్లోంచి ఒక కప్ప బయటికి గెంతింది.

"శెట్టీ," అన్నాడు కళ్లు తెరిచి, "ఆ గింజలతో నువ్వు చేసేదేమిటి?"

గట్టుమీద కూర్చోబెట్టి చెప్పాను. వకుళ నాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పిన సంగతి అది. అప్పుడు నేను ఆమె మెడ మీద అంటిన పుప్పొడి చూస్తూ, మాటలు సగమే విన్నాను. ఆమె లేని ఇంట్లో ఒక్కొక్క మాటా తిరిగివచ్చి కూర్చుంది.

"కాయ తోలు తల్లితీగది, యువరాజా. తల్లి కట్టుకున్న చీర చూసి, కడుపులో బిడ్డకు తండ్రి పోలిక వచ్చిందో లేదో చెప్పగలమా? బూడిద తండ్రి వాటా తోలులో లేదు, గింజలో ఉంది."

"అయితే ఈ గింజలు వేస్తే బూడిద కాస్తుందా?"

"కాయదు. బంగారమే కాస్తుంది."

యువరాజు తలపాగా పిండుకుంటూ, "మరి నన్ను కప్పల పాలు చేసింది చాలక ఈ వేళాకోళం ఎందుకు?" అన్నాడు.

"ప్రతి గింజకూ రంగులో తల్లిది ఒక పాలు, తండ్రిది ఒక పాలు. బంగారానిది పెద్దగొంతు. ఒక్క పాలు ఉన్నా తోలంతా దాని మాటే వినబడుతుంది. బూడిద నోరు మూసుకుని కూర్చుంటుంది. కాని చావదు. అలాంటి జంటరంగు తీగలను ఒకదానికొకటి అద్దితే, మనవల కాలానికి రెండు వైపులనుంచీ బూడిదపాలే అందిన గింజ నాలుగింట ఒకటి పడుతుంది. దాని మీద అరిచే బంగారం ఉండదు. అప్పుడు బూడిద బయటికి వస్తుంది."

యువరాజు దుర్గం వైపు తిరిగాడు. "అంటే గద్దల కళ్లముందే..."

"బంగారు తోలు కప్పుకుని బూడిద పెరుగుతుంది. కంకాళభట్టు కూడా మావంటి వర్తకుడే. తోలు చూసి సరుకు చెబుతాడు."

మర్నాటినుంచి యువరాజు పట్టుబట్టలు చెట్టుకొమ్మకు తగిలించి, నా పొలంలో పేడ మోశాడు.

రెండో పంట కొండవాలంతా బంగారమై కాసింది. రాగిముక్కు గద్దలు రోజూ వచ్చి, రెక్కల నీడ కాయలమీద ఈడ్చుకుంటూ పోయేవి. ఒక్కటీ కిందికి దిగలేదు. నేను పాదుల మధ్య వంగి దారాలు కట్టడం నేర్చుకున్నాను. వకుళ వేళ్లు చేసే పనిని నా మోటువేళ్లతో చేస్తే పువ్వులు చిరిగేవి. చిరిగిన ప్రతిసారీ ఆమె గొంతు వినబడేది. "శెట్టిగారూ, అది పువ్వండీ, గోనెసంచి కాదు." పక్కకు తిరిగి చూస్తే పేడతట్టతో యువరాజు ఉండేవాడు. పొద్దువాలితే మడుగు నడుమ దుర్గంలో దీపాలు వెలిగేవి. వాటిలో ఏది ఆమె ఉన్న గదిదో తెలియదు. అందుకని అన్నిటినీ చూసేవాణ్ణి.

మూడో పంటకు తీగ పాకి పూత పట్టింది. ఒక ఉదయం ఆకు ఎత్తి చూసి, గభాలున మళ్లీ కప్పేశాను.

"ఏమయింది? పామా?" అని యువరాజు కత్తి దూశాడు.

"బూడిద!"

ఇద్దరం బోర్లా పడుకుని ఆకు కింద తలలు దూర్చాం. నా గుప్పిటంత పిందె. తెల్లవారని ఆకాశం రంగు. కప్ప మింగినప్పుడు కూడా చెక్కుచెదరని యువరాజుకు కంట నీళ్లు తిరిగాయి. నా సంగతి చెప్పనక్కర్లేదు.

అలాంటి పిందె వేసిన తీగలు పొలంలో మరికొన్ని దొరికాయి. బూడిదతీగకు బూడిదతీగ మగపువ్వే అద్దాను కనుక, ఇక ఆ గింజల్లో వేరే రంగుకు చోటు లేదు. నిలిచింది మాత్రం ఒక్క కాయ. గద్దలకు కనబడకుండా జాజు అనే ఎర్రమన్ను, పసుపు కలిపి దానికి రోజూ పూత పూశాను. తీగకున్న మిగిలిన పిందెలన్నీ గిల్లేశాను. అడుగున మెత్తని ఇసుక పరిచాం. కాయ బిందె అంత అయింది, గంగాళం అంత అయింది. మరి రెండు వారాలు తీగమీద ఉంటే ఇద్దరు మనుషులు కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు. పోయేటప్పుడు ఒకరం, వచ్చేటప్పుడు ఇద్దరం. నేను వేసుకున్న లెక్క అది.

ఆ లెక్కను వాన చెరిపేసింది.

కాలం కాని కాలంలో, పొద్దుపొడుస్తూనే కొండమీద మబ్బు విరిగిపడింది. నేను గోనెలు పట్టుకుని పరుగెత్తేసరికే జాజు ఎర్రటి కాలువలై జారుతోంది. కడిగిన కాయ ఆకాశం కింద బూడిదగా మెరిసింది. పైన ఒక గద్ద కీచుమంది. మరొకటి జవాబిచ్చింది. చూస్తుండగానే ఆకాశం రెక్కలతో నల్లబడింది, ప్రతి గోటిలోనూ ఒక కణిక!

"కొయ్ శెట్టీ, కొయ్!" అని అరుస్తూ యువరాజు ఎడమచేత పెద్ద చేట డాలుగా పట్టి, కుడిచేత కత్తి తిప్పాడు. కణికలు చేట మీద పడి చిటచిటలాడాయి. తెగిన ఈకలు వానతో కలిసి కురిశాయి. నేను తొడిమ మీద గొడ్డలి వేశాను. కాయ కదిలింది. భుజం ఆనించి తోశాను. అంతే, అది వాలులో పడింది. ఇక కాయ ముందు, నేను వెనక, నా వెనక యువరాజు, అతడి వెనక గద్దలు! కంచె విరిగింది, ఎవరిదో కుండల ఆవం చితికింది, రెల్లు నేలకు ఒరిగింది. కాయ మడుగు ఒడ్డు బురదలో దిగబడి ఆగింది. ఒడ్డున కమ్ముకున్న మంచులో గద్దలు మమ్మల్ని పోగొట్టుకుని, కసికొద్దీ నా పొలం తగలబెట్టాయి.

బురదలోనే పైభాగం మూతలా కోశాం. గుజ్జు తోడి పోశాం. గింజలను యువరాజు తలపాగాలో మూటకట్టాడు. నేను లోపల కూర్చుని చూసుకున్నాను. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఒక్క మనిషికే చోటు.

"ఇది చాలదు శెట్టీ. మరో పంట చూద్దాం."

"పొలం కాలిపోయింది, యువరాజా. ఈ కాయ కూడా వాడిపోకముందే పోవాలి. గింజలు జాగ్రత్త," అని మూత నెత్తిమీదికి లాక్కున్నాను.

సగం దూరం చేరానో లేదో పడవ కింద నీళ్లు ఉబికాయి. చీకటి డొల్లలో తెడ్డు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయాను. మూత సందులోంచి బుస్సుమని వేడిగాలి వచ్చింది, కుళ్లిన తామరదుంపల వాసన. తోలు మీద ఏదో రాసుకుంది. నాకడం అది! అడుగునుంచి పైదాకా ఒకసారి నాకి, జలకంటకం లోగొంతుతో మూలిగింది. తప్పిపోయిన బిడ్డ దొరికినప్పుడు తల్లి చేసే చప్పుడు. ఆ తరవాత మూతితో పడవను తోసుకుంటూ ఎటో తీసుకుపోయింది. చాలాసేపటికి నేల తగిలింది. మూత కాస్త ఎత్తి చూస్తే, నీలదుర్గం గోడ కింద, దాని గూట్లో, బూడిదగుడ్ల మధ్య ఉన్నాను. మృగం నన్ను భద్రంగా సర్దిపెట్టి, మేతకు మళ్లీ మడుగులోకి జారింది.

గోడను అల్లుకున్న అడవితీగ పట్టుకుని పైకి పాకాను. ఆ పైన కనబడింది చూసి తీగ వదిలేయబోయాను.

చంద్రకాంతపు రాళ్లు పరిచిన ముంగిలి. నడుమ పాదరసంలా కదిలే నీటికుండం. దాని చుట్టూ బిందెలతో ఆడవాళ్లు. అందరిదీ ఒకటే ముఖం! అదే బంగారు చాయ, అవే కనుబొమలు, చెక్కినట్టు అదే చిరునవ్వు. ఎవరు వచ్చినా తమవారిని పోల్చుకోలేకుండా కంకాళభట్టు అందరికీ ఒకే ముఖం తొడిగాడు.

"వకుళా! మీలో వకుళ ఎవరు?" అన్నాను గొంతు తగ్గించి.

"నేనే," అన్నారు అందరూ ఒక్కసారిగా. అని, వాళ్లే నోళ్లు మూసుకున్నారు. ఆ మంత్రానికి అదే జవాబు రావాలి కాబోలు. ఎవరని అడిగినా లాభం లేదు.

వాళ్లు నా చుట్టూ మూగారు. కొందరు చేతులు పట్టుకున్నారు. ఒకామె తన తల్లి క్షేమం అడిగింది. ఇంకొకామె ఏడ్చింది. ఒక్కతి మాత్రం నా పక్కనుంచి దాటిపోయి, గోడమీదినుంచి కిందికి వంగి పడవను చూసింది. చూసి, వెనక్కి తిరిగి నడుముమీద చెయ్యి పెట్టుకుంది.

"పచ్చితొడిమ మీద కోశారా? ఇంకా రెండు వారాలు ఉంచితే ఏం పోయింది?"

మూడు పంటల తరవాత కనబడితే, బాగున్నారా అని అడక్కుండా సరుకులో తప్పు పట్టే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే.

"వాన కురిసింది," అన్నాను. "జాజు కారిపోయింది."

"జాజు పూసి ఊరుకున్నారా? పైన పందిరి వెయ్యాలని తోచలేదా?"

"పందిరి వేస్తే గద్దలకు అనుమానం రాదా?"

"అప్పుడు దిగి చూస్తాయి, చూస్తే జాజు కనబడుతుంది, పోతాయి. రెండూ ఉండాలి శెట్టిగారూ, రెండూ!" అంది. ఆ బంగారు ముఖం నవ్వుతూనే ఉంది. దాని కిందినుంచి కన్నీళ్లు మెడమీదికి కారాయి. చేత్తో తుడిచాను. తడి చర్మం, ఆమెదే.

దీపాలవేళ దగ్గరపడుతోంది. ఆ వేళకు మాంత్రికుడు వచ్చి అందరినీ వరుసలో నిలబెట్టి లెక్క చూస్తాడని మిగిలినవారు తొందరపెట్టారు. ఒక్కరు తగ్గితే మిగిలినవారిని మడుగులోకి తోయిస్తాడట. ముఖం కూడా ఊరికే ఊడదు. ఇంకొకరు ఇష్టపడి తొడుక్కోవాలి.

"అయితే ఇటు తే," అన్నాను.

"మీకు మతి పోయిందా? పడవ మీది. మీరు వెళ్లండి."

"విను. నేను ఒడ్డుకు పోతే మళ్లీ ఒంటిమనిషి పడవే పండిస్తాను. పందిరి వెయ్యడం కూడా తెలియనివాణ్ణి. నువ్వు పోతే ఇంతమంది పట్టే కాయలు పండిస్తావు. గింజలు యువరాజు తలపాగాలో ఉన్నాయి, రెండు పాళ్లూ బూడిదే. ఎవరు ఎక్కడుంటే గిట్టుబాటో నువ్వే చెప్పు."

ఆమె వేళ్లు మడిచి లెక్క చూసింది. లెక్కలో తప్పు దొరకలేదు. దొరికితే ఊరుకునే మనిషి కాదు.

బంగారు ముఖం తీసి నాకు తొడిగింది. ఒక్క క్షణం ఆమె అసలు ముఖం చూశాను. చిక్కింది. ముక్కు పక్కన పుట్టుమచ్చ అలాగే ఉంది. నా ముఖం మీద ఆమె వేళ్లు, మెత్తగా, పువ్వు కట్టినట్టు అంచులు సర్దాయి. తన శాలువ తీసి నా భుజాలమీద కప్పి, తీగ పట్టుకుని దిగిపోయింది. మూత పడింది. బూడిదపడవ గుడ్ల మధ్యనుంచి మెల్లగా నీళ్లలోకి జారింది. మేం వరుస కట్టేసరికి అది దూరాన చుక్కయింది.

"శెట్టిగారూ," అని గుసగుసలాడింది వరుసలో నా పక్కన నిలబడినామె, "కాస్త ఒదిగి నిలబడండి. కాటా ముందు నిలుచున్నట్టు కాళ్లు ఎడం చేశారేమిటి?"

కంకాళభట్టు వచ్చాడు. ఎముకల పావుకోళ్లు టకటకమన్నాయి. చేతిలో పచ్చమంట దీపం. ఒక్కొక్క ముఖం దగ్గరా దాన్ని ఎత్తి లెక్కపెట్టాడు. నన్ను దాటాడు. లెక్క సరిపోయింది. పోతూ పోతూ ఆగి, ముక్కు ఎగబీల్చాడు.

"ఎవరి దగ్గరో మడుగు బురద వాసన వస్తోంది," అన్నాడు.

దీపం మెల్లగా నా వైపు తిరిగింది. అది నన్ను చేరేలోగా కుండం మీదుగా మడుగు వైపు చూశాను. అవతలి ఒడ్డున ఒక చుక్క ఆగింది. దానిలోంచి మరో చుక్క బయటికి వచ్చి, ఇటు తిరిగి నిలబడింది.

నాకు పోయినవి చెప్పుకోవాలంటే పొలం, పడవ, సొంత ముఖం. మడుగు మునుపు ఎంత వెడల్పో ఇప్పుడూ అంతే. ఇన్నాళ్లూ ఆ ఒడ్డున నిలబడి నేను ఆమె దీపం ఏదో వెతుక్కున్నాను. ఈ రాత్రినుంచి ఆ ఒడ్డున నిలబడి నా దీపం వెతికే మనిషి ఉంది. నాకు మిగిలిన లాభం అదే.